సున్నా మావయ్య, పద్నాలుగు బిళ్ళలు

సున్నా మావయ్య ఏ పని మొదలుపెట్టినా ముందు దాన్ని సున్నా చేస్తాడు. ఆ తర్వాతే అసలు పని. మనిషి బంగారం, ఇంకే వంకా పెట్టడానికి లేదు. కానీ పక్కనున్నవాళ్ళ ప్రాణం తియ్యడానికి ఈ ఒక్క అలవాటూ చాలు.

కాఫీ సంగతే తీసుకోండి. ఆయన్ని ఇంట్లో పెట్టుకున్న పాపానికి మేనకోడలు రోజూ పొద్దున్నే ఈ పరీక్ష రాయాలి. "ఇంకో కప్పు పొయ్యనా మావయ్యా?" అని అడిగిందనుకోండి, ఆయన వెంటనే కప్పు చాపడు. లేచి సింకు దగ్గరికి వెళ్తాడు. అడుగున మిగిలిన చుక్క వంపుతాడు. కప్పు కడిగి, తుడిచి, వెలుతురుకేసి పట్టి చూసి, అప్పుడు తెచ్చి బల్ల మీద పెడతాడు.

"ఊఁ, ఇప్పుడు పొయ్యి."

"చల్లారిపోయింది మావయ్యా."

"చల్లారితే చల్లారింది. పాత కప్పులో మిగిలిందెంతో తేలకుండా కొత్తది పోస్తే, నేను తాగిందెంతో నీకెలా తెలుస్తుంది?"

ఆయన ఎంత తాగాడో తెలుసుకోవాలని మేనకోడలికి జన్మలో ఎప్పుడూ అనిపించలేదు. అయినా ఆ మాట అంటే మళ్ళీ మొదటినుంచీ మొదలుపెడతాడని నోరు మూసుకునేది.

ఒకసారి ఆయనకు తన పాత స్నేహితుణ్ణి, రిటైరైన పోస్టుమాస్టర్ని, ఆదివారం భోజనానికి పిలవాలని బుద్ధి పుట్టింది. మామూలు మనుషులైతే ఫోను చేసి రమ్మంటారు. ఈయనకు మాత్రం రెండేళ్ళ కిందట బస్సులో "ఎప్పుడైనా భోజనానికి రండి" అని ఆయనతో అన్న మాట గుర్తొచ్చింది. ఆయన రాలేదు. అంటే ఆ పిలుపు ఇంకా బాకీ ఉన్నట్టే కదా! ఫోను తీశాడు. "నమస్కారమండీ. రెండేళ్ళ కిందట మిమ్మల్ని భోజనానికి పిలిచాను. ఆ పిలుపు రద్దు చేస్తున్నాను. ఉంటాను," అని పెట్టేశాడు. పావుగంట ఆగి మళ్ళీ చేసి, "ఈ ఆదివారం మా ఇంటికి భోజనానికి రండి," అన్నాడు. ఆ పావుగంటలో అక్కడ పోస్టుమాస్టరుగారి భార్య, "మీ నోటి దురుసుతనం వల్లే ఉన్న ఒక్క స్నేహితుడూ పోయాడు," అని మొగుణ్ణి కడిగిపారేసింది.

"రెండూ ఒకే ఫోనులో చెప్పి ఏడవకూడదా మావయ్యా?" అంది మేనకోడలు తల పట్టుకుని.

"పిచ్చిదానా! రద్దు ఖాయం కాకముందే కొత్తది ఇస్తే, పాత పిలుపు మీద ఒకసారి, కొత్త పిలుపు మీద ఇంకోసారి, రెండుసార్లు వచ్చి తిని పోతాడు. మధ్యలో సున్నా పడాలి."

ఈ జబ్బు ఉద్యోగంలో అంటుకుంది. ముప్పై ఎనిమిదేళ్ళు తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరుగా చేశాడు. కొట్లోకి అడుగుపెట్టడం, కాటా మీదున్నదంతా దింపించడం, ముల్లు సున్నా దగ్గర నిలబడిందో లేదో వంగి చూడడం. ముల్లు వెంట్రుకవాసి పక్కకుంటే కొట్టువాడి గుండె జారేది. రిటైరయ్యాక కాటాలు పోయాయి గానీ వంగి చూడడం పోలేదు. అందుకని ప్రపంచం మొత్తాన్నీ కాటా కింద జమకట్టేశాడు.

మేనకోడలు ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీస్తుంది. నాలుగు అంతస్తుల ఆ భవనంలో పదహారు ఇళ్ళు, రెండో అంతస్తులో వీళ్ళది. భవనానికి ఓ సంఘం, ఆ సంఘానికి సెక్రటరీ కూడా మేనకోడలే. ఎన్నికల రోజున సభలో ఫోను మోగితే బయటికెళ్ళి మాట్లాడి వచ్చింది. వచ్చేసరికి ఏకగ్రీవంగా గెలిచి ఉంది.

బేస్‌మెంట్‌లో అందరికీ కలిపి నాలుగు వాషింగ్ మెషిన్లున్నాయి. పూర్వం వాటిలో ఇత్తడి బిళ్ళ వేస్తే తిరిగేవి. తర్వాత కోటు బొత్తాలు వేసినా తిరుగుతాయని ఎవరో మహానుభావుడు కనిపెట్టాడు. ఏడాది తిరిగేసరికి సంఘం పెట్టెలో బిళ్ళలకన్నా బొత్తాలే ఎక్కువ తేలాయి. అప్పుడు పై అంతస్తు ఇంజనీరు లేచి, "బిళ్ళల్ని క్రిప్టో టోకెన్లుగా మార్చేద్దాం. ఎవరూ దొంగబిళ్ళ వెయ్యలేరు," అన్నాడు. ఇంటికి నెలకు పన్నెండు బిళ్ళలు సంఘం ఇస్తుంది, పైన కావాలంటే కొనుక్కోవాలి. ఫోనులో చక్కటి యాప్, దాంట్లో నీలం రంగు బటన్. నొక్కితే మెషిన్ తిరిగేది. ఆర్నెల్లు అందరూ హాయిగా నొక్కారు.

ఏడో నెలలో ఆ యాప్ చేసిన కంపెనీ మూతపడింది. బటన్ పోయింది. కొంప మునిగిందని అందరూ ఇంజనీరుకు ఫోను చేశారు. అప్పటికి ఆయన వేరే చోటికి మారిపోయాడు. "యాప్ పోతే ఏమైందండీ, అది పైన తొడిగిన ముసుగంతే," అన్నాడు తీరిగ్గా. "మీ బిళ్ళల లెక్క చూసేది స్మార్ట్ కాంట్రాక్టు అనే చిన్న ప్రోగ్రాము. అది వేల కంప్యూటర్లలో ఉంది, దాన్నెవరూ మూసెయ్యలేరు. దాని పేజీ పంపిస్తాను. అందులో ఫంక్షన్లుంటాయి, గడుల్లాగా. వాటిని నేరుగా నింపి పంపండి." పేజీ పంపించాడు. మర్నాటినుంచి ఆయన ఫోను ఎత్తలేదు.

ఆ పేజీ చూసి పదహారు ఇళ్ళవాళ్ళూ గుడ్లప్పగించారు. మావయ్య ఒక్కడే కళ్ళజోడు సర్దుకున్నాడు. ఎనిమిది రోజులు నిఘంటువు ముందేసుకుని దాని వివరాలన్నీ చదివాడు. తొమ్మిదో రోజు ఓ వాక్యం దగ్గర ఆగి, కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. "ఒకరికిచ్చిన అనుమతిని మార్చాలంటే ముందు దాన్ని సున్నా చెయ్యి" అని అక్కడ రాసి ఉంది.

"విన్నావుటే! ముప్పై ఎనిమిదేళ్ళుగా నేను మొత్తుకుంటున్నది ఇదే కదా! ప్రపంచంలో నాలాంటివాడు ఇంకొకడున్నాడు!" అని మేనకోడల్ని పట్టుకుని ఊపేశాడు. ఒకడున్నాడన్న సంతోషం ఆయనది, ఇద్దరయ్యారన్న దిగులు ఆవిడది.

ఆ పూటే బేస్‌మెంట్ గోడకు తన ముత్యాల్లాంటి అక్షరాలతో ఓ పెద్ద చార్టు వేలాడదీశాడు. పదహారు ఇళ్ళ ఖాతాల చిరునామాలూ, నాలుగు మెషిన్ల చిరునామాలూ అందులో ఉన్నాయి. ఒక్కో చిరునామాకు నలభై రెండు అక్షరాలు, ప్రతిదీ సున్నాతోనే మొదలు. అది చూసి ఆయన మురిసిన మురిపెం అంతా ఇంతా కాదు. ఆపైన బుట్టలు పట్టుకుని నిలబడ్డ జనానికి పాఠం చెప్పాడు.

"ఉన్నవి ఆరే గడులు. బ్యాలెన్స్ఆఫ్ అంటే ఒకరి దగ్గర ఎన్ని ఉన్నాయని అడగడం. ట్రాన్స్‌ఫర్ అంటే మీరు ఇవ్వడం, మెషిన్‌కి ఒక బిళ్ళ ట్రాన్స్‌ఫర్ చేస్తే తిరుగుతుంది. అప్రూవ్ అంటే, నా దాంట్లోంచి ఇన్ని నువ్వే తీసుకో అని ఇంకొకరికి అనుమతివ్వడం. అలవెన్స్ అంటే ఆ అనుమతిలో ఇంకెంత మిగిలిందో చూడడం. ట్రాన్స్‌ఫర్‌ఫ్రమ్ అంటే అనుమతి ఉన్నవాళ్ళు వచ్చి తీసుకోవడం. టోటల్ సప్లై అంటే మొత్తం ఎన్ని బిళ్ళలున్నాయని. ఇంతే. బతిమాలడానికి మనిషి లేడు, సిఫారసు చెయ్యడానికి మంత్రి లేడు."

మొదటి అంతస్తులో పళ్ళ డాక్టరుగారుంటారు. "ఇంతేనా!" అని చేతులు దులుపుకుని ముందుకొచ్చాడు. మెషిన్‌కి ఒక బిళ్ళ అని '1' వేసి పంపాడు. మెషిన్ ఉలకలేదు, పలకలేదు. కాలితో ఒక తాపు తన్నాడు.

"దాన్నెందుకు తంతారు డాక్టరుగారూ?" అన్నాడు మావయ్య. "ఒక బిళ్ళ అంటే ఒకటి పక్కన పద్దెనిమిది సున్నాలు పెట్టాలి. మీరు వట్టి ఒకటి పెట్టారు. బిళ్ళను కోటి కోట్ల ముక్కలు చేస్తే వచ్చే ముక్కకంటే చిన్న ముక్క పంపారు. దానికి దారప్పోగు కూడా తడవదు."

జనం నవ్వారు. డాక్టరుగారి ముఖం ఎర్రబడింది. ఆ పౌరుషంలో, అదే వారం, మూడు నెలలుగా కూడబెట్టిన ముప్పై ఆరు బిళ్ళల్నీ భార్య ఖాతాకు పంపబోయాడు. సున్నాలు ఈసారి లెక్కపెట్టి మరీ పెట్టాడు. కానీ ఎవరికి అన్న గడిలో భార్య చిరునామాకు బదులు, పేజీ నెత్తిన పెద్దక్షరాలతో కనిపించిన కాంట్రాక్టు చిరునామానే తెచ్చి అతికించాడు. నొక్కాడు. ముప్పై ఆరూ గుటుక్కుమన్నాయి.

"ఎక్కడికెళ్ళాయి?" అని పరిగెత్తుకొచ్చాడు.

"కాంట్రాక్టు కడుపులోకి," అన్నాడు మావయ్య.

"తీయించండి మరి!"

"దానికి మింగే నోరుంది గానీ ఇచ్చే చెయ్యి పెట్టలేదు ఇంజనీరు. ఇక అవి ఎవరివీ కావు."

"ఎవరికి ఫిర్యాదు చెయ్యాలి?"

"ఎవరూ లేరు. చెప్పాను కదా, మంత్రి కూడా లేడని."

ఆ రోజునుంచీ డాక్టరుగారికి ఆ కాంట్రాక్టన్నా, ఆ గోడ మీది చార్టన్నా, దాని కింద కూర్చున్న మావయ్యన్నా ఒళ్ళు మంట. ఎదురుపడితే పళ్ళు నూరుకుంటూ పోయేవాడు, పళ్ళ డాక్టరై ఉండి కూడా.

ఇలాంటి ప్రమాదాలు మళ్ళీ జరగకూడదని సంఘం మావయ్యని లాండ్రీ గది బాధ్యుడిగా వేసింది. ఓ కుర్చీ, ఆయన పేర విడిగా ఓ ఖాతా, నెలకు అరవై బిళ్ళలు గౌరవ వేతనం. నాలుగు చొక్కాల మనిషి అరవై బిళ్ళలు ఏం చేసుకుంటాడని అందరూ నవ్వారు. అసలు నవ్వాల్సిన సంగతి వాళ్ళకు తెలీదు. ఆయన ఆ నాలుగు చొక్కాల్నీ బాత్‌రూములో బకెట్లో ఉతుక్కునేవాడు. కింద నాలుగు మెషిన్లు పెట్టుకుని ఇదేం ఖర్మ అని మేనకోడలు కేకలేస్తే, "మెషిన్లు కాలర్లని నమిలేస్తాయమ్మా," అనేవాడు నిమ్మకు నీరెత్తినట్టు.

బాధ్యుడు కాగానే ఆయన మొదటి ఆజ్ఞ జారీ అయింది. ప్రతి శనివారం పొద్దున అందరూ ప్రాక్టీసు చెయ్యాలి. పక్కింటివాళ్ళకు పద్నాలుగు బిళ్ళలు అప్రూవ్ చెయ్యాలి, అలవెన్స్ చూడాలి, మళ్ళీ సున్నా చెయ్యాలి. మానినవాళ్ళకు మెషిన్ వంతు ఆఖర్న.

"పద్నాలుగే ఎందుకండీ, పది కాకూడదా?" అని ఎవరో అడిగారు.

"పదిలో సున్నా ఉందిగా, తికమకపడతారు. ముందు సున్నా చేశారా లేదా?"

అలా రెండేళ్ళపాటు, మాసిన బట్టల బుట్టలు కాళ్ళ దగ్గర పెట్టుకుని, ఆ భవనంలోని పెద్దమనుషులందరూ శనివారం శనివారం పద్నాలుగులూ సున్నాలూ దిద్దారు. వాళ్ళలో మావయ్య నెత్తిన పెట్టుకున్న విద్యార్థి ఒక్కరూ లేరు గానీ, ఆయన కన్నీళ్ళు పెట్టుకునేంత మొద్దు విద్యార్థిని ఒకరున్నారు. మూడో అంతస్తు అమ్మాయి.

ఇంట్లోనే బట్టలు కుడుతుంది. భర్త లేడు. అత్తగారు పక్షవాతంతో మంచాన పడి రెండేళ్ళయింది, పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి పక్కబట్టలు మార్చాలి. బుట్టతో ఆవిడ మెట్లు దిగుతున్న చప్పుడు వినగానే మావయ్య గొంతు లేచేది.

"వచ్చావా అమ్మాయ్! నిన్న నేర్పింది గుర్తుందా?"

"లేదు బాబాయిగారూ."

"ఇంత మందబుద్ధిని నేనెక్కడా చూళ్ళేదు! ట్రాన్స్‌ఫర్‌ఫ్రమ్ తియ్. ఎవరినుంచి అన్న గడిలో ఏం పెట్టాలి? నా చిరునామా. ఎవరికి అన్న గడిలో? మెషిన్‌ది. ఎన్ని?"

"ఒకటి పక్కన పద్దెనిమిది."

"అబ్బ, ఇవాళ్టికి వచ్చింది! సాయంత్రానికి మర్చిపోతావు, మళ్ళీ రా. నీకు ప్రాక్టీసు చాలదు."

ఇది వినీ వినీ మేనకోడలికి సిగ్గేసేది. పాపం, ఆవిడ అసలే అలిసిపోయి ఉంటుంది, పదిమందిలో ఈ తిట్లేమిటి? "ఆవిణ్ణి వదిలెయ్యకూడదా?" అని ఇంట్లో పోట్లాడింది కూడా. "చదువు రానివాళ్ళని వదిలేస్తే ఎలా?" అన్నాడాయన, కప్పు కడుగుతూ.

ఇంతలో డాక్టరుగారు సంఘానికి ఉత్తరం రాశాడు. పాత కాంట్రాక్టు తీసేసి, కొత్త కంపెనీ యాప్ పెట్టాలి. లాండ్రీ గది బాధ్యుడి పదవి ఎత్తెయ్యాలి. ఆదివారం సభ పెట్టి ఓటు తియ్యాలి. కింద పదకొండు సంతకాలు. నిజం చెప్పాలంటే పన్నెండో సంతకం పెట్టాలని మేనకోడలికే చెయ్యి దురద పుట్టింది. కానీ ఆ కుర్చీ పోతే మావయ్య ఏమైపోతాడు? రోజూ ఇస్త్రీ చొక్కా తొడుక్కుని ఆఫీసుకెళ్ళినట్టు బేస్‌మెంట్‌కి దిగే మనిషి. అది తలుచుకుని ఆవిడ కలం మూసేసింది.

శనివారం మధ్యాహ్నం మెల్లగా చెప్పింది. "మావయ్యా, రేపు ఓటింగు. కొంచెం ఆ సున్నాల గోల తగ్గించు, జనం విసిగిపోయారు."

ఆయన కుర్చీ గురించి అడగలేదు, ఓట్ల గురించీ అడగలేదు.

"కొత్త యాప్‌లో అప్రూవ్ ఉంటుందా అమ్మా?"

"ఉండదు. రెండే బటన్లు. ఒకటి ఉతుకు, ఇంకోటి కొను."

"ఒకరి ఖాతాలోంచి ఒకరు తీసుకునే దారి?"

"ఎందుకు? ఎవరిది వాళ్ళు కొనుక్కుంటారు."

మావయ్య ముఖం పాలిపోయింది. "అప్రూవ్ లేకపోతే ఎలాగమ్మా," అన్నాడు రెండుసార్లు. మేనకోడలు కాఫీ పోస్తే, కడగని కప్పులోనే పోయించుకుని తాగేశాడు. అప్పుడు ఆవిడకు భయం వేసింది.

ఆదివారం సభ లాండ్రీ గదిలోనే జరిగింది. మెషిన్ల మీద కొందరు, తిరగేసిన బుట్టల మీద కొందరు కూర్చున్నారు. మావయ్య తన కుర్చీలో బిగుసుకుని కూర్చున్నాడు. మూడో అంతస్తు అమ్మాయి ఓ మూల ఉతికిన దుప్పటి మడత పెట్టుకుంటోంది. డాక్టరుగారు చంకలో కాగితాల కట్టతో లేచాడు.

"సెక్రటరీగారూ, ఈ కాంట్రాక్టు రికార్డు ఎవరైనా చదవచ్చు. మొత్తం అచ్చు తీయించాను. డెబ్బై రెండు కాగితాలు. మీ మావయ్యగారు అనుమతులిచ్చి మర్చిపోయినట్టున్నారు. ఆయన ఖాతాలోంచి రోజుకు రెండు బిళ్ళలు పోతున్నాయి, రెండేళ్ళనుంచీ. పద్నాలుగు వందల పైచిలుకు! పెద్దాయన్ని ఎవరు దోచుకుంటున్నారో చెప్పమంటారా?"

చెప్పనక్కర్లేకుండానే అందరి తలలూ మూలకు తిరిగాయి. ఆ అమ్మాయి చేతుల్లో దుప్పటి సగం మడతలో ఆగిపోయింది. ముఖంలో నెత్తుటిచుక్క లేదు.

మావయ్య కుర్చీలోంచి ఎగిరి లేచాడు.

"దోచుకోవడమా! దోచుకోవాలంటే తెలివుండాలండీ! ఈ అమ్మాయికి అదెక్కడిది? రెండేళ్ళుగా బుర్రకెక్కిస్తున్నాను, ట్రాన్స్‌ఫర్‌ఫ్రమ్ ఎక్కదు! అందుకని పూటకోసారి నా ఖాతా మీద ప్రాక్టీసు చేయిస్తున్నాను. ఖాతా నాది, విద్యార్థిని నాది, మధ్యలో మీకెక్కడ నొప్పి?"

"ప్రాక్టీసు చేసిన ప్రతి బిళ్ళా మెషిన్‌కే ఎందుకు వెళ్ళింది?"

"మరి మీలా కాంట్రాక్టు కడుపులోకి పంపించమంటారా?"

గది గొల్లుమంది. డాక్టరుగారు ఆవిడవైపు తిరిగాడు. "ఏమ్మా, రెండేళ్ళయినా నీకు నిజంగానే రాలేదా?"

ఆవిడ ఒకసారి మావయ్యకేసి చూసింది. ఆయన కళ్ళతోనే బతిమాలుతున్నాడు. ఆ మనిషి ఎవర్నైనా బతిమాలడం ఆ గది ఎన్నడూ చూడలేదు.

"రాలేదండీ," అందావిడ. "అనుమతి ఇచ్చిన వాళ్ళ చిరునామా ముందు గడిలో పెట్టాలనీ, ఎవరికి పంపాలో వాళ్ళది రెండో గడిలో అనీ, అలవెన్స్ చాలకపోతే మొత్తం వెనక్కి తిరిగొస్తుందనీ, ఇవేవీ నాకు గుర్తుండవు." గబగబా అనేసి నాలిక కరుచుకుంది.

మేనకోడలు చెయ్యి చాపి కాగితాల కట్ట తీసుకుంది. మొదటి పేజీ రెండేళ్ళ కిందటిది. మావయ్య ఖాతానుంచి మూడో అంతస్తుకు ట్రాన్స్‌ఫర్, పది బిళ్ళలు. గంటలోపే మూడో అంతస్తునుంచి మావయ్యకు ట్రాన్స్‌ఫర్, పది బిళ్ళలు. మర్నాడు మళ్ళీ పది. మళ్ళీ వెనక్కి పది. ఆ అమ్మాయి ఊరికే ఇస్తే పుచ్చుకునే రకం కాదు. మూడో రోజునుంచి ట్రాన్స్‌ఫర్లు లేవు. అప్రూవ్, పద్నాలుగు. వారానికి పద్నాలుగు పూటలు. ఇచ్చిన బిళ్ళనైతే తిరిగి పంపెయ్యొచ్చు, ఇచ్చిన అనుమతిని తిరిగి పంపడానికి ఆ ఆరు గడుల్లో గడే లేదు. ప్రతి శనివారం సున్నా, మళ్ళీ పద్నాలుగు. పాత వారం ఎన్ని వాడుకుందో లెక్క మిగలకుండా, ప్రతి వారం మొదట్లో నిండుగా పద్నాలుగు.

ఆ వరసలకు పైనా కిందా పదహారు ఇళ్ళ సున్నాలూ పద్నాలుగులూ పుట్టల్లా పోసి ఉన్నాయి. అప్పుడు అర్థమైంది మేనకోడలికి. ఎవరైనా చదివే రికార్డు అది. ఒక్క మూడో అంతస్తుకే అనుమతి ఇస్తే మొదటివారమే పదిమంది నోళ్ళలో పడేది. అందుకని ఈ పెద్దమనిషి ఆవిడ ఒక్క పద్నాలుగునీ దాచడానికి భవనం మొత్తం చేత రెండేళ్ళు పద్నాలుగులు దిద్దించాడు. తన నాలుగు చొక్కాలూ బకెట్లో పిండుకున్నాడు. మేనకోడలికి ఆయన్ని అక్కడికక్కడే నాలుగు తిట్టి, వాటేసుకోవాలనిపించింది. సెక్రటరీ కాబట్టి రెండూ చెయ్యలేదు.

ఆవిడ కట్ట డాక్టరుగారి చేతికి తిరిగిచ్చి, మొదటి పేజీ మీద వేలు పెట్టింది. ఆయన చదివాడు. అచ్చు వేయించాడే గానీ మొత్తం కూడడం తప్ప వరసలు చదివిన పాపాన పోలేదు. ఇప్పుడు చదివాడు. మంచం మీదున్న ఆ ముసలావిడకు కదిలే పన్ను తియ్యడానికి ఆయన మూడో అంతస్తుకు వెళ్ళి వచ్చినవాడే. ఆ ఇల్లు ఎలా ఉందో తెలుసు. కళ్ళజోడు తీసి తుడిచాడు, పెట్టుకున్నాడు, మళ్ళీ తీసి తుడిచాడు.

"ఏమండీ మాస్టారూ," అన్నాడు చివరికి, మావయ్యతో, కరుగ్గానే. "ఎల్లకాలం ఒకే ఖాతా మీద చేయిస్తే చదువెలా వస్తుందండీ? నా చిరునామా వేరే రకంగా ఉంటుంది కదా. పొద్దున మీది, సాయంత్రం నాది పెట్టి చూడండి."

మావయ్య నోరెళ్ళబెట్టాడు. "మీకు అప్రూవ్ చెయ్యడం వచ్చా?"

"రాదు. నేర్పండి."

"అయితే ముందు..."

"తెలుసండీ బాబూ!" అని గది మొత్తం అరిచింది.

ఆ తర్వాత నాలుగో అంతస్తు వాళ్ళు తమ ఖాతా మరీ తేలిగ్గా ఉంటుందనీ, విద్యార్థినికి అదే మేలనీ అన్నారు. కింద అంతస్తువాళ్ళు ఒప్పుకోలేదు. కాసేపు అదో పోట్లాట. మేనకోడలు బల్ల చరిచి, మినిట్స్ పుస్తకం తెరిచి, రాసుకుంటూ పైకి చదివింది. "మూడో అంతస్తు వారికి ట్రాన్స్‌ఫర్‌ఫ్రమ్ ఇంకను పట్టుబడనందున, వారి శిక్షణ నిరవధికముగా కొనసాగించుటకును, అందుకై తక్కిన పదిహేను ఇళ్ళవారును వంతులవారీగా తమ ఖాతాలు ఇచ్చుటకును, కొత్త యాప్ ప్రతిపాదన విరమించుటకును ఏకగ్రీవముగా తీర్మానించడమైనది. ప్రతిపాదించినవారు, పళ్ళ డాక్టరుగారు."

"ఒక్క మాట సెక్రటరీగారూ," అంది మూలనుంచి ఆ అమ్మాయి. దుప్పటి మడత పూర్తి చేసి బుట్టలో పెట్టింది. తల దించలేదు. "నాకు కుట్టు కూడా సరిగ్గా రాదండీ. మీ ఇళ్ళల్లో చిరిగినవీ, బొత్తాలూడినవీ ఉంటే పంపించండి. ప్రాక్టీసు చేసుకుంటాను."

"కుడితే కూలి తీసుకోవాలి!" అన్నాడు మావయ్య, పాత గొంతు తెచ్చుకుని.

"రాని పనికి కూలేంటి బాబాయిగారూ? మీరు మాత్రం నాకు చదువు నేర్పినందుకు నా దగ్గర జీతం పుచ్చుకున్నారా?"

మావయ్య వెళ్ళి తన కుర్చీలో కూర్చున్నాడు. మేనకోడలు కలం తీసి తీర్మానం కింద ఇంకో వాక్యం చేర్చింది. "వారికి కుట్టుపని కూడా రానట్టు సభ దృష్టికి వచ్చినందున, అందరూ తమ చిరిగిన బట్టలతో సహకరించవలసిందిగా కోరడమైనది."

అందరూ సంతకాలు పెట్టారు. సోమవారం పొద్దున్నే మూడో అంతస్తు తలుపు తట్టిన మొదటి మనిషి పళ్ళ డాక్టరుగారే. ఆయన చేతిలో తెల్లకోటు ఉంది. దానికి ఐదు బొత్తాలుండాలి, ఒక్కటీ లేదు. ఇవన్నీ ఎప్పుడు ఊడాయండీ అని ఆ అమ్మాయి అడిగితే, ఇందాకే తెంపానమ్మా అన్నాడు.